బి సైడు చివర

చిత్తూరు హైరోడ్డులో మా అంగడి
ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు.
గోడల నిండా పాటలే, ఫ్యాను పెట్టేదానికి చోటు లేదు.
‘కోరిన పాటలు ఎక్కించబడును’ అని రాయమంటే
పెయింటరు దీర్ఘం మింగేసి
‘కొరిన’ అని రాసిపోయినాడు.
పదిహేనేళ్ళు అట్లే ఉండె.

సెలవు అయిపోయిన జవాన్లు
కాట్పాడిలో రైలెక్కే ముందురోజు వస్తారు.
మెడ మీద ఎండకు కమిలిన గీత,
మొలతాడుకు ట్రంకు తాళంచెవి,
జేబులో నాలుగు మడతల కాగితం.

ఆ కాగితాలు నేను శానా చదివినాను.
జెండా పాట అడిగినోడు ఒక్కడూ లేడు.
వానలో తడిసే పాట వెయ్యన్నా అంటారు,
మరదల్ని ఎగతాళి పట్టించేది,
తాగినోడు తూలతా పాడేది.
రికార్డు డాన్సులో ఈలలు పడే పాట ఉంటాది చూడు,
అది అడిగేటప్పుడు మాత్రం గొంతు తగ్గిస్తారు,
పక్కన నాయన నిలబడుంటాడు గదా.

పంద్రాగస్టుకి
గాంధీ బొమ్మ కాడి మైకుసెట్టు వాళ్ళు వచ్చి
వీరుల పాటలు పట్టుకోనిపోతారు.
ఊరికి జవాను కావాల.
జవానుకి ఊరు కావాల.
రెండూ మా అంగట్లోనే దొరికేవి,
వేరే వేరే అరల్లో.

పూతలపట్టు చెంగల్రాయుడు
తొంభై నిమిషాల క్యాసెట్టు తెచ్చినాడు ఒకసారి.
అడిగినవన్నీ నింపినాక బి సైడు చివర
నాలుగు నిమిషాలు మిగిలింది.
ఇంకో పాట పెడితే సగంలో తెగిపోతాది అన్నాను.
“సగం వద్దన్నా, ఆడ అన్నీ సగాలే”
అని, టేపురికార్డరు ఎత్తుకోని రమ్మన్నాడు.

బస్టాండులో రెండు బొత్తాములూ ఒక్కసారిగా నొక్కినాను.
పలమనేరు పలమనేరు పలమనేరు
ఐరాలా కాణిపాకం
వేలూరు ఎక్కండి వేలూరు
చిల్లర లేదని చెనిక్కాయల ముసలామె తిట్టిన తిట్టు,
ఎవరి బిడ్డో ఏడుపు,
స్టార్టు కాని బస్సు గొంతు సవరించుకోవడం.
బొత్తాము టక్కుమని లేచేదాకా
ఆయన ఊపిరి బిగబట్టి నిలబడినాడు,
తన దగ్గు అందులో పడకూడదని.

క్యాసెట్లు పోయినాయి. సీడీలు వచ్చినాయి, అవీ పోయినాయి.
ఇప్పుడు నేను సెల్లులకి గాజు అతికిస్తా.

మొన్న, కొండ దిగి కాణిపాకం పోతా,
గుండు మీద గంధం ఆరకముందే
ఒక పెద్దాయన వెతుక్కోని వచ్చినాడు.
గఢ్వాలాయన, నేగి హవల్దారు.
చేతిలో క్యాసెట్టు. దాని మీద నా అక్షరాలు, మా అంగడి ముద్ర.
తెగిన చోట గోళ్ళ రంగుతో అతికించిన టేపు.
బ్యాటరీలు చంకలో పెట్టుకోని వెచ్చ చేసి వినేవాళ్ళంట,
ఆరు నెలలు, మంచులో, ఆరుగురు.
పాటలన్నీ మొహం మొత్తినాయి,
చివరి పాట మాత్రం రోజూ కలిసి పాడినాం అన్నాడు.

చివరి పాటా?

తెలుగు ఒక్క ముక్క రాని మనిషి
కళ్ళు మూసుకోని తొడ మీద తాళం వేసినాడు.
పలమనేరు పలమనేరు పలమనేరు
ఐరాలా కాణిపాకం
రాగం కూడా కట్టినారు దానికి, మెల్లగా సాగేది.
ముసలామె తిట్టు వచ్చినప్పుడు
దండం పెట్టేంత భక్తి గొంతులో.

చెంగల్రాయుడికి ఫోను కలిపినాను.
తిరుపతిలో ఏటీఎం కాడ కాపలా ఆయనిప్పుడు,
పాటలు వినడు. నిద్ర వస్తాది అంటాడు.
స్పీకరు పెట్టి, మళ్ళీ పాడు అని సైగ చేసినాను.
అవతల మిషను ఎవరివో నోట్లు లెక్కబెడతా ఉంది.
శానా సేపు అదొక్కటే చప్పుడు.
ఆమీట, గొంతు జీరపోయి,
“వేలూరు మర్చిపోయినావు గదరా నేగీ.”

ఇద్దరూ మొదట్నించీ ఎత్తుకున్నారు.
పగిలిన ఫోను పట్టుకోని నిలబడిన పిల్లోడు
బేరం మరిచిపోయి వింటా వింటా
“బాగుంది, ఏ సినిమాలోదన్నా?” అన్నాడు.